పెక్కు యంత్రముల పొత్తు: ఆ విద్యను నేర్పిన చరిత్రము

నేటి నా ప్రసంగవిషయము క్రొత్తది. అందలి చిక్కు మాత్రము చాల పాతది. కంప్యూటరు విద్య నేర్చుటకై నగరమునకు పోయిన పిల్లవాడో, పిల్లయో లేని వీధి నేడు మన గ్రామములలో అరుదు. ఏమి నేర్చుచున్నారని పెద్దలడిగినచో "సాఫ్ట్‌వేరు" అని యొక్కమాట చెప్పి ఊరకుందురు. ఆ విద్య యొక మహావృక్షము. దూరదూరముల నున్న పెక్కు కంప్యూటర్లు ఒకే పనిని పంచుకొని చేయునట్లు అమర్చుట దాని కొమ్మలలో ఒకటి. నేడు మిక్కిలి గిరాకి గలది. అట్టి పనికూర్పునకు డిస్ట్రిబ్యూటెడ్ అప్లికేషను అని పేరు. ఒక యంత్రము ఇంటర్నెట్టు మీద వేరొక యంత్రమునకు చేయు ఊడిగమునకు వెబ్ సర్వీసు అని పేరు.

నేను గణకశాస్త్రజ్ఞుడను గాను. వ్యాకరణము చదివి, చిరకాలము బడిలో పాఠములు చెప్పినవాడను. కావున యంత్రములను గూర్చికాక, ఈ విద్యను మనుష్యులు ఒకరికొకరు ఎట్లు నేర్పుకొనిరో, ఆ బోధనలో ఏది నిలిచెనో, ఏది కొట్టుకొనిపోయెనో మనవి చేయుదును. పొలము కుదువబెట్టి పిల్లవానిని ఈ చదువునకు పంపు తండ్రికి ఈ చరిత్రము తెలిసియుండుట మేలు.

ముందుగా ఒక తెలిసిన ఉదాహరణము. పూర్వము మనము రైలులో బెర్తు కావలెనన్న స్టేషనులో పెద్దపుస్తకము ముందు గుమాస్తా కూర్చుండి పేరు వ్రాసికొనెడివాడు. తిరుగుప్రయాణమునకు బెర్తు కావలసినచో అక్కడికి తంతి పంపి, జవాబునకై వేచియుండవలసి వచ్చెడిది. 1985-86 ప్రాంతమున ఢిల్లీలో ఈ పనిని కంప్యూటరునకు అప్పగించిరి. ఆ ప్రోగ్రామును అప్పటి ప్రభుత్వసంస్థయైన సి.ఎం.సి. వారు రచించిరి. పిమ్మట బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు నగరములందును అట్టి కేంద్రములు వెలసెను. కాని మొదట వేటికవి వేరు. సికిందరాబాదు యంత్రమునకు ఢిల్లీ యంత్రము లెక్క తెలియదు. రైల్వేవారి క్రిస్ అను సంస్థ కన్సర్ట్ అను క్రొత్త ప్రోగ్రామును సిద్ధపరచి, 1999 ఏప్రిల్ నాటికి ఈ అయిదు కేంద్రములను కలిపివైచెను. నాటినుండి ఏ కేంద్రమున నిలిచియైనను దేశములోని ఏ మూలనుండి ఏ మూలకైనను టిక్కెట్టు కొనగలిగితిమి. 2002 ఆగస్టులో ఇంటినుండియే ఇంటర్నెట్టు ద్వారా కొను వీలు కూడ కలిగెను. పెక్కు యంత్రముల పొత్తు అనగా నిదియే.

ఈ పొత్తులోని చిక్కేమో చూడుడు. సికిందరాబాదు యంత్రము ఢిల్లీ యంత్రమును "ఫలాని రైలులో ఒక బెర్తు" అని కోరెననుకొందము. ఎంతసేపటికిని జవాబు రాలేదు. ఎందువలన? కోరిక త్రోవలోనే తప్పిపోయియుండవచ్చును. కోరిక చేరియు, ఢిల్లీ యంత్రము పని చేయకమునుపే పడిపోయియుండవచ్చును. లేదా బెర్తు కేటాయింపు జరిగి, జవాబు మాత్రము త్రోవలో పోయియుండవచ్చును. ఈవలనున్న యంత్రమునకు ఈ మూడును ఒక్కతీరుగనే కన్పడును: మౌనము. మరల కోరినచో ఒకే ప్రయాణికునకు రెండు బెర్తులు పోవచ్చును. కోరకున్నచో బెర్తు నిండియుండియు ప్రయాణికుని చేతికి టిక్కెట్టు రాదు. మనకాలమున మనియార్డరు పంపి, రసీదు రాక, సొమ్ము చేరినదో లేదో తెలియక తల్లడిల్లిన వారందరును ఈ చిక్కును ఎరుగుదురు. మౌనమునకు అర్థమేమో తెలియనప్పుడు ఏమి చేయవలెను? ఈ విద్యకు సారము ఈ ప్రశ్నయే. దీనిని శిష్యునకు చెప్పిన బోధన నిలిచెను. దీనిని దాచిన బోధన నిలువలేదు.

ఇక చరిత్రమునకు వత్తము. కంప్యూటరునకు పని చెప్పు విద్య ఒంటియంత్రముతో ఆరంభమయ్యెను. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున నిర్మించిన ఎనియాక్ అను యంత్రమును 1946లో లోకమునకు ప్రదర్శించిరి. దానికి పని కూర్చినవారు ఆర్గురు స్త్రీలు. వారికి గురువు లేడు, పాఠ్యపుస్తకము లేదు. యంత్రపు పటములను చేతికిచ్చి, దీనిచే లెక్కలు చేయించు విధమును మీరే కనుగొనుడనిరి, వారు కనుగొనిరి. ఆ వేసవిలోనే అచటి మూర్ స్కూలు అను విద్యాలయమున జులై 8 మొదలు ఆగస్టు 31 వరకు ఎనిమిదివారములు ఉపన్యాసములు జరిగెను. కంప్యూటరు నిర్మాణమును గూర్చి క్రమముగ జరిగిన మొదటి పాఠములు అవియే. ఇంగ్లండునుండి మారిస్ విల్క్స్ అనునతడు ఆలస్యముగ వచ్చి కడపటి రెండువారముల పాఠములు మాత్రమే వినెను. ఓడలో తిరిగిపోవుచునే తన యంత్రమునకు రూపకల్పన ఆరంభించెను. అది ఎడ్సాక్ అను పేర 1949 మే 6వ తేదీన కేంబ్రిడ్జిలో మొదటి లెక్క చేసెను.

విల్క్స్ యంత్రముతో తృప్తిపడలేదు, బోధనకు పూనుకొనెను. 1951లో అతడును, వీలర్, గిల్ అను ఇద్దరు సహచరులును కలిసి ప్రోగ్రాములు వ్రాయు పద్ధతిని గూర్చి మొదటి గ్రంథమును ప్రకటించిరి. 1953లో కేంబ్రిడ్జివారు ఈ విద్యకు ఒక సంవత్సరపు డిప్లొమా నెలకొల్పిరి. తన శేషజీవితములో పెద్దభాగము తాను వ్రాసిన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే పోవునని 1949లోనే తనకు తోచినదని విల్క్స్ తరువాత తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. ఒంటియంత్రపు కాలమున తప్పు అనగా మన తప్పే. చెప్పిన పనిని చెప్పిన వరుసలో యంత్రము చేయును. పని చెడినచో మన వ్రాతలోనే దోషమున్నదని వెదకవలెను.

మన దేశమున కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లో ఐ.బి.ఎం. 1620 అను యంత్రము వచ్చెను. ఆచార్య వి. రాజారామన్ మొదలగువారు అచట తరగతులు పెట్టి శాస్త్రజ్ఞులకు, విద్యార్థులకు ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు వ్రాయుట నేర్పిరి. అందును ఏకయంత్రమే పాఠవస్తువు. నాటికి అదియే చాలును.

పొత్తు 1969లో ఆరంభమయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరు 29వ తేదీరాత్రి లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయములోని యంత్రము సుమారు 500 కిలోమీటర్ల దూరమున స్టాన్‌ఫర్డు పరిశోధనాలయములోని యంత్రముతో మాటలాడ యత్నించెను. "లాగిన్" అను పదమును ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్కటిగ పంపసాగిరి. రెండక్షరములు చేరినంతనే ఆవలి యంత్రము మూర్ఛపోయెను. సుమారు గంట తరువాత మరల యత్నించి పూర్తిచేసిరి. నేటి ఇంటర్నెట్టునకు మూలమైన ఆర్పానెట్ పుట్టుక అది. విద్య పుట్టిననాడే దాని మొదటి పాఠమును తానే చెప్పుకొనినది: ఆవలివాడు మాట నడుమ పడిపోవచ్చును, ఈవలివాడు మాత్రము బ్రదికియుండును. ఒంటియంత్రపు చదువులో ఈ పాఠము లేదు. అందు పడిపోయినచో సర్వమును ఒక్కమారే పడిపోవును.

పండితులు ఈ చిక్కును 1970ల దశకమున చక్కగ విప్పిచూపిరి. 1978లో జిమ్ గ్రే అను విద్వాంసుడు ఇద్దరు సేనాపతుల కథగా దీనిని ప్రచారమునకు తెచ్చెను. రెండు కొండలమీద రెండు సేనలు, నడుమ లోయలో శత్రువు. ఇరువురును ఒక్కమారు దాడి చేసిననే జయము. ఒక్కరు పోయినచో నాశనము. వార్త లోయగుండా దూతచేతనే పోవలెను, దూత పట్టుబడవచ్చును. మొదటి సేనాపతి "రేపు ఉదయము" అని పంపెను. అది చేరినట్లు తెలియనిదే తాను కదలడు. రెండవవాడు "సరే" అని పంపెను. ఆ "సరే" చేరినదో లేదో తెలియక అతడును కదలడు. దానికి మరల రసీదు, ఆ రసీదునకు రసీదు. దూత తప్పిపోవు అవకాశమున్నంతకాలము ఎన్ని వార్తలు నడిపినను ఇరువురకును పూర్ణనిశ్చయము కలుగదని గణితముచే నిరూపితమైనది.

నిశ్చయము లేదని కూర్చుండిన పని జరుగునా? అందుకు ఉపాయములు పుట్టెను. బెర్తు కోరునపుడే ఆ కోరికకు ఒక సంఖ్య పెట్టుట వానిలో సులభమైనది. జవాబు రాకున్న అదే సంఖ్యతో మరల కోరవలెను. ఢిల్లీ యంత్రము తన చిట్టాలో ఆ సంఖ్యను చూచుకొని, క్రొత్త బెర్తు ఇయ్యక, మునుపిచ్చినదానినే మరల చెప్పును. ఎన్నిమారులు అడిగినను ఫలము ఒక్కటే యగునట్లు పనిని కూర్చవలెనని దీని భావము. మౌనమునకు అర్థము తెలియకపోయినను నష్టము లేకుండ నడచు మార్గమిది.

ఇంతలో బోధన వేరొక త్రోవ త్రొక్కెను. 1984లో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు జిరాక్సు పరిశోధనాలయమున చేసిన పనిని ప్రకటించిరి. దూరపుయంత్రమునకు పని చెప్పుట, తన యంత్రములోని భాగమునకే చెప్పుటవలె సులభముగ నుండవలెనని వారి యుద్దేశము. ఉద్దేశము మంచిదే. జవాబు రానిచో ఏమగునో వారు జాగ్రత్తగనే విచారించిరి. కాని పిమ్మట వచ్చిన వర్తకులును, వారిననుసరించిన శిక్షకులును సౌలభ్యమునే చూపి, జాగ్రత్తను విడిచిరి. 1990లలో కోర్బా, డీకామ్, జావా ఆర్.ఎం.ఐ. అని ఒకదానివెనుక ఒకటి పనిముట్లు వచ్చెను. ప్రతిదానికిని పుస్తకములు, తరగతులు. దూరమును మరచిపొండని చెప్పుటయే వానిలో పెక్కింటి బోధన.

దీనిని ఖండించినవారును కలరు. 1994లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలోని జిమ్ వాల్డోయు, మరి ముగ్గురును ఒక వ్యాసము ప్రకటించిరి. దగ్గరి పనియు దూరపు పనియు జాతిచేతనే భిన్నములు; భేదమును కప్పిపుచ్చిన కట్టడము పెద్దదైన కొలది కూలునని వారి సిద్ధాంతము. ఆ సంస్థలోనే పీటర్ డాయిచ్ అనునతడు క్రొత్తవారు నమ్ము అసత్యముల పట్టిక కూర్చెను. దారి ఎన్నడును తెగదనుట, వార్త క్షణములో చేరుననుట, దారిలో దొంగలు లేరనుట అందలి కొన్ని. గురువు శిష్యునకు చెప్పవలసినది ముందుగా ఈ పట్టికయే. కాని అంగడిలో దానికి వెల లేదు.

ఆ కాలముననే వెబ్ వచ్చెను. టిమ్ బర్నర్స్ లీ 1989లో జెనీవాలోని సెర్న్ పరిశోధనాలయమున దానిని ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దానిని వెలలేకుండ లోకమునకు విడిచెను. మన దేశమున సామాన్యప్రజకు 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు లభించెను. వెబ్ పేజి మనుష్యుడు చదువుటకు. వెబ్ సర్వీసు యంత్రము చదువుటకు. 2000 సంవత్సరమున ఈ సేవలకు సోప్ అను పద్ధతిని పెద్ద కంపెనీలు ముందునకు తెచ్చెను. ఆ సంవత్సరమే రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధనాగ్రంథములో వెబ్ నిర్మాణసూత్రములను వివరించి, వానికి రెస్ట్ అని పేరు పెట్టెను. 2002లో మైక్రోసాఫ్టువారు డాట్‌నెట్ అను పనిముట్లను విడుదల చేసి, వెబ్ సర్వీసులు కట్టువారికి పాఠములు, పరీక్షలు, యోగ్యతాపత్రములు ఏర్పరచిరి. కొన్నియేండ్లలో సోప్ వెనుకబడి, రెస్ట్ వాడుకలో ముందునకు వచ్చెను.

ఈ ప్రవాహము మన హైదరాబాదును తాకెను. 2000 సంవత్సరము వచ్చునప్పటికి యంత్రములలోని తేదీలు తారుమారగునను భయముతో వానిని దిద్దుటకు పాశ్చాత్యదేశములలో వేలకొలది పనివారు కావలసివచ్చిరి. ఆ గిరాకితో అమీర్‌పేట శిక్షణాలయముల పేటయై పెరిగెను. మైత్రీవనము చుట్టుప్రక్కల ప్రతిగోడయు ఒక పనిముట్టు పేరుతో నిండెను. ఆ పేటను తేలికగ నిందించుట న్యాయముకాదు. పెద్దకళాశాలల గడప త్రొక్కలేని రైతుబిడ్డలకు, అల్పమైన రుసుముతో, కొలది వారములలో, తమ భాష కలిపిన మాటలతో ఆ పేట విద్యను చెప్పినది. వేలకుటుంబములకు అన్నము పెట్టినది.

అయినను అందొక లోపము కలదు. నా పూర్వశిష్యుడొకడు అట్టి యొక శిక్షణాలయమున మూడునెలలు చదివి, వెబ్ సర్వీసు కట్టుటకు మీటలు నొక్కు వరుసను వేదము పనసవలె అప్పగించగలవాడయ్యెను. ఉద్యోగపు పరీక్షలో "ఆవలినుండి జవాబు రాకున్న ఏమి చేయుదువు?" అని అడిగిరట. "అట్లు మా తరగతిలో ఎన్నడును జరుగలేదండి" అనెనట. అబద్ధమాడలేదు. తరగతిలో రెండు యంత్రములును ఒకే బల్లమీద నుండెను. జవాబు రాకపోవుట ఎట్లు? వాడు తెలివితక్కువవాడుకాడు. వానికి ఆ ప్రశ్న చెప్పినవారు లేరు, అంతే. మరియొక యేడు కూర్చుండి మూలము చదివి, పిమ్మట స్థిరపడెను. ఆ యేడు వాని తండ్రి అప్పునకు వడ్డీ పెరుగుచునే యుండెను.

నేను వల్లెవేయుటను నిందింపను. మా పద్ధతిలో అమరము, శబ్దములు ముందు కంఠస్థము కావలసినదే. కాని సూత్రము వచ్చినంత మాత్రమున వ్యాకరణము రాదు. సూత్రమునకు వృత్తి, వృత్తికి ఉదాహరణము, పిమ్మట ప్రత్యుదాహరణము; అనగా సూత్రము ఎక్కడ పట్టదో చూపుట. ఆ ప్రత్యుదాహరణము లేని చదువే అమీర్‌పేటలోను, ఇతర దేశముల అంగళ్లలోను అమ్ముడుపోయినది.

బోధనను చక్కదిద్దిన యత్నములును కలవు. ఒక యంత్రము పడిపోయినను పని ఆగకుండుటకు ఒకే లెక్కను అయిదు యంత్రములలో ఉంచుదురు. అవి ఏకాభిప్రాయమునకు వచ్చుట ఎట్లు? మన అయిదుగురు పెద్దల పంచాయతీని తలచుకొనుడు. ముగ్గురు సమ్మతించినచో తీర్మానము. రేపు వేరు ముగ్గురు కూడినను, వారిలో నిన్నటి ముగ్గురిలోనివాడు ఒకడైనను తప్పక ఉండును. అతడు నిన్నటి తీర్మానమును జ్ఞప్తికి తెచ్చును. లెస్లీ లాంపోర్ట్ అను గణితజ్ఞుడు పాక్సాస్ అను ప్రాచీన గ్రీకుద్వీపపు శాసనసభ కథగా ఈ పద్ధతిని వ్రాసెను. 1990లో పత్రికకు పంపిన ఆ వ్యాసము 1998లో గాని అచ్చుకాలేదు. కథ పాఠకులకు కొరుకుడుపడలేదు; 2001లో అతడే సులభముగ మరల వ్రాసెను. అప్పటికిని విద్యార్థులకు కష్టముగనే యుండెను.

2014లో డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ అను స్టాన్‌ఫర్డు విద్వాంసులు రాఫ్ట్ అను వేరొక పద్ధతిని ప్రకటించిరి. విద్యార్థికి బోధపడుటయే తమ ముఖ్యలక్ష్యమని వారు చెప్పిరి, చెప్పి ఊరకుండలేదు. రెండు విశ్వవిద్యాలయములలో 43 మంది విద్యార్థులకు రెండు పద్ధతులను నేర్పి పరీక్ష పెట్టగా, 33 మంది రాఫ్ట్‌నే బాగుగ వ్రాసిరి. శిష్యుని బోధను కొలతగా పెట్టుకొని శాస్త్రమునే దిద్దిన ఆ పనికి పాతపంతులనైన నేను నమస్కరింతును. అమెరికాలోని ఎం.ఐ.టి. వారు నేడు శిష్యులచేత రాఫ్ట్‌ను స్వయముగ కట్టించి, దారులు తెగగొట్టి, యంత్రములను పడగొట్టి పరీక్షించుచున్నారు. నెట్‌ఫ్లిక్స్ అను కంపెనీ పనివేళలోనే తన యంత్రములను కావలెనని ఆపివేయు ప్రోగ్రామును వాడుచున్నట్లు 2011లో వివరించెను. బల్లమీది తరగతిలో ఎన్నడును జరుగనిదానిని వీరు బుద్ధిపూర్వకముగ జరిపించుచున్నారు.

ఎం.ఐ.టి. వారి పాఠములు వెలలేకయే లభించును. మన ఐ.ఐ.టి.ల పాఠములును ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా అట్లే వినవచ్చును. కావున పేదరికము నేడు మునుపటివలె అడ్డుకాదు. ఏది అడుగవలెనో తెలియకపోవుటయే అడ్డు.

ఆర్యులారా! పనిముట్ల పేర్లు మీరు గుర్తుంచుకొననక్కరలేదు. నేను చెప్పినవానిలో పెక్కు ఇప్పటికే మూలబడినవి. రుసుము కట్టకమునుపు మీ పిల్లవానితో శిక్షకుని యొద్దకు పోయి మూడు ప్రశ్నలడుగుడు. ఆవలి యంత్రమునుండి జవాబు రానప్పుడు ఏమి చేయవలెనో నేర్పుదురా? ఒకే కోరిక రెండుమారులు చేరినను నష్టము రాకుండ కట్టుట నేర్పుదురా? తరగతిలో ఒక యంత్రమును నిజముగ ఆపివేసి, మిగిలినవి ఏమగునో కండ్లారా చూపుదురా? ఈ మూటికిని తిన్నగ సమాధానము చెప్పినవాడు గురువు. అతనియొద్ద ఏ పనిముట్టుతో నేర్చినను విద్య నిలుచును. ప్రశ్నను దాటవేసి పనిముట్టు పేరును, జీతపు అంకెను మాత్రమే చెప్పువాని యొద్దనుండి లేచివచ్చుట మంచిది.